మానేరు తీరాన మంచు వేకువలు

శరదృతువు అనగానే మన వారికి పండువెన్నెల, నిర్మలాకాశం, ఏటి ఒడ్డున తెల్లగా విరిసిన రెల్లుపూలు స్ఫురిస్తాయి. పాశ్చాత్య దేశాల ఛాయాగ్రాహకులకు మాత్రం ఎర్రబారిన ఆకులు, సరస్సులపై తేలియాడే పొగమంచు స్ఫురిస్తాయి. మన కరీంనగర్ ప్రాంతంలో శరత్తున ఆకులు ఎర్రబారవు. చేలగట్లపై గునుగు తెల్లబడుతుంది, తంగేడు పచ్చబడుతుంది, బాటల పక్కన సీతాఫలాల గంపలు వెలుస్తాయి. కాని పొగమంచు విషయంలో మనము ఎవరికిని తీసిపోము. ఊరికి ఆనుకొనియే ఇరువది నాలుగు శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టగల దిగువ మానేరు జలాశయం ఉన్నది. వానలు వెనుదిరిగి ఆకాశం తేటపడిన తరువాత ఆ నీటిపై కొన్ని ఉదయాలలో లేచే మంచును చూచినవారు దానిని మరువజాలరు.

అయితే చూచుట వేరు, చిత్రించుట వేరు. మంచు నిలిచేది గంట, గంటన్నర. ఆ గంటలో ఎక్కడ నిలబడవలెనో, ఏ దిక్కుకు తిరగవలెనో వెతుక్కుంటూ కూర్చుంటే సూర్యుడు పైకి వస్తాడు, మంచు కరిగిపోతుంది. కనుక ఛాయాచిత్రానికి ముందు స్థలాన్వేషణ అనే పని ఒకటి ఉన్నది. గత అక్టోబరు నుండి డిసెంబరు వరకు మేము నలుగురు విద్యార్థులము, ఒక అధ్యాపకులు కలిసి సైకిళ్లపై జలాశయపు ఒడ్డున చేసిన ఆ అన్వేషణలో నేర్చుకొన్నదానిని మిత్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

జలాశయ పరిచయం

మానేరు గోదావరికి ఉపనది. దానిపై కరీంనగర్ చెంత దిగువ మానేరు ఆనకట్ట నిర్మాణం 1974లో ప్రారంభమై 1985లో పూర్తి అయినది. ఇది శ్రీరామసాగర్ పథకంలో ఒక భాగం. పోచంపాడు వద్ద గోదావరిపై 1963 జూలై 26న పండిత జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ మహా పథకం నుండి కాకతీయ కాలువ ద్వారా వచ్చే నీరు ఇక్కడ నిలువ చేయబడి మరల దిగువ భూములకు సాగిపోతుంది. ఆనకట్ట పొడవు పది కిలోమీటర్లకు మించినది. నడుమ ఇరువది తూములు గల రాతి కట్టడం, దానికి ఇరుప్రక్కల మట్టికట్ట. కట్టకు పడమట నీరు, తూర్పున మానేటి ఇసుక, పొలాలు, పట్టణం. ఈ తూర్పు పడమరల సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత దీనితో పని పడుతుంది.

మంచు ఎట్లా పుడుతుంది?

పొగమంచు అనగా నేలకు దిగివచ్చిన మేఘమే. గాలిలోని నీటి ఆవిరి చల్లబడి సూక్ష్మమైన బిందువులుగా మారి గాలిలోనే తేలుతూ ఉంటుంది. ఎదుటి వస్తువు ఒక కిలోమీటరు దూరంలో కూడా కనిపించకుంటే వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని పొగమంచుగా లెక్కిస్తారు. అంతకు పైన కనిపిస్తే పలుచని మంచు. చిత్రకారునికి సాధారణంగా ఈ రెండవదే మేలు. దట్టమైన మంచులో చిత్రం తెల్లకాగితమే అవుతుంది.

మన జలాశయం చెంత మంచు రెండు విధాలుగా పుడుతున్నది. మొదటిది నేల మంచు. ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి విడిచివేస్తుంది. నేలను అంటుకొని ఉన్న గాలి చల్లబడుతుంది. వానాకాలం తడి ఇంకా ఆరని వరిమళ్లలో ఆవిరికి కొదువ లేదు. గాలి కదలకుండా ఉంటే తెల్లవారుజాముకు పొలాలపై మోకాటి ఎత్తున, ఒక్కొక్కసారి తాటిచెట్ల నడుము ఎత్తున మంచు పరుచుకొంటుంది.

రెండవది నీటిమంచు. నీరు నేలవలె త్వరగా చల్లబడదు. రాత్రి గట్టుమీది గాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారి నీటిపైకి వస్తుంది. వెచ్చని నీటి నుండి లేచిన ఆవిరి ఆ చల్లగాలిలో తగిలి అక్కడికక్కడే బిందువులవుతుంది. వేడి అన్నం గిన్నె మూత తీసినప్పుడు లేచే ఆవిరి వంటిదే ఇది. నీటిమంచు పొరగా పరుచుకోదు. సన్నని దారాలవలె, సుడులవలె లేచి తిరుగుతుంది.

ఉత్తర తెలంగాణ నుండి నైరృతి ఋతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యభాగానికి వెనుదిరుగుతాయి. ఆ తరువాతనే మంచుకు అవకాశం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే మబ్బులు కమ్ముతాయి. మబ్బు దుప్పటి వంటిది, నేల వేడిని పోనీయదు. ఆ రోజులలో వేకువన లేచి పోవుట వృథా. కాని వాన కురిసి వెలిసి, ఆకాశం తేటపడిన రెండవ రాత్రియో మూడవ రాత్రియో మిగుల శ్రేష్ఠం. నేలలో తడి ఉన్నది, పైన మబ్బు లేదు. సాయంత్రం వంటపొగ నిటారుగా పోక ఇంటికప్పుల మీదనే బారుగా పరుచుకొంటే మరునాడు గాలి ఉండదని మా పల్లెవారు చెప్తారు. మేము దానిని పాటించి చూచితిమి. పలుమార్లు నిజమైనది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వరికోతల కాలంలో గడ్డి తగులబెట్టిన పొగ కూడా వేకువన నేలబారున నిలుస్తుంది. దూరానికి అది మంచువలెనే కనిపిస్తుంది. మంచు తెల్లన, పొగ గోధుమ ఛాయ. మంచు ఎండకు కరుగుతుంది, పొగ కరగదు. మొదటి వారంలో మేము రెండు దినాలు పొగను చూచి మంచని మురిసిపోయినాము.

సైకిలే ఎందుకు?

మోటారు బండి ఉండగా సైకిలు ఎందుకని మమ్ములను పలువురు అడిగినారు. స్థలాన్వేషణకు వేగము శత్రువు. మోటారు బండిపై పోయేవాడు బాటను చూస్తాడు. నడిచేవాడు స్థలాన్ని చూస్తాడు కాని ఒక ఉదయాన నాలుగు కిలోమీటర్లు కూడా చూడజాలడు. సైకిలు ఈ రెండింటి నడుమది. ఎక్కడనైనా కాలు కింద ఆనించి నిలబడవచ్చు. పొలంగట్టు వస్తే భుజాన వేసుకొని దాటవచ్చు. చప్పుడు లేదు గనుక నీటి ఒడ్డున నిలిచిన కొంగలు లేచిపోవు. చలిగాలి ముఖానికి తగులుతుంది గనుక ఎక్కడ పల్లం ఉన్నదో, ఎక్కడ చలి గుమిగూడినదో చర్మమే చెప్తుంది. బాటపై పోతుండగా ఒక్కసారిగా చెవులు చల్లబడిన చోట ఆగండి. అక్కడనే మంచు నిలుస్తుంది.

సైకిలు కొలబద్ద కూడా. ఇరువది ఎనిమిది అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. అనగా కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు. చక్రపు పుల్లకు ఒక ఎర్ర దారం కట్టి లెక్కపెట్టవచ్చు. అంత ఓపిక లేనివారు ఒక పెడలు చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో ఒకసారి కొలుచుకొని, పెడళ్లను లెక్కపెట్టవచ్చు. చీకటిలో, మంచులో, గుర్తులు కనబడని వేళ ఈ లెక్క ఎంతో అక్కరకు వచ్చినది. "కట్ట మలుపు నుండి 320 చుట్లు, ఎడమన ఒంటి తాడిచెట్టు" అని పుస్తకంలో వ్రాసుకొన్నది ఏ దీపమూ చూపజాలని బాటను చూపినది.

దిక్కుల లెక్క

మంచు చిత్రానికి ప్రాణం వెలుతురు వచ్చే దిక్కు. సూర్యుడు మన వెనుక ఉంటే మంచు చదునైన తెల్లగోడవలె కనిపిస్తుంది. సూర్యుడు ఎదుట ఉంటే మంచుబిందువులు వెలుగును ముందుకు చిమ్ముతాయి. పొరలు పొరలుగా విడిపోతాయి. చెట్లు నల్లని నీడలై నిలుస్తాయి. కనుక సూర్యోదయం సరిగా ఎక్కడ జరుగుతుందో ముందే తెలిసి ఉండవలెను.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చిన్ననాడు చదువుకొన్నాము. నిజానికి సరిగా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు దినాలే. కరీంనగర్ సుమారు 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ అక్టోబరు మధ్యకు సూర్యోదయం తూర్పునకు దాదాపు 9 డిగ్రీలు దక్షిణంగాను, నవంబరు మధ్యకు 19 డిగ్రీలు, డిసెంబరు చివరివారానికి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగాను జరుగుతుంది. దీనిని కొలుచుటకు యంత్రం అక్కరలేదు. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. తూర్పు నుండి కుడివైపునకు అక్టోబరులో ఒక పిడికిలి, నవంబరులో రెండు, డిసెంబరులో రెండున్నర. వేళ కూడా మారుతుంది. అక్టోబరు మధ్యలో ఆరు గంటల ఏడు నిమిషాల ప్రాంతాన, నవంబరు మధ్యలో ఆరు గంటల ఇరువది నిమిషాలకు, డిసెంబరు మధ్యలో ఆరు గంటల నలుబది నిమిషాలకు దగ్గరగా సూర్యోదయమవుతుంది.

ఈ లెక్క తెలియక మేము మొదట కట్టపైకి పోయినాము. అందరూ పోయేది అక్కడికే. కట్టపై నిలబడి నీటివైపు చూస్తే మన ముఖం పడమటికి, సూర్యుడు మన వీపున. మంచు ఉన్నది, నీరు ఉన్నది, చిత్రం మాత్రం చప్పగా వచ్చినది. మూడు ఉదయాలు ఇట్లా పోయిన తరువాత ఒక విద్యార్థి వెనుకకు తిరిగి చూచినాడు. కట్టకు తూర్పున, దిగువన, మానేటి ఇసుకపాయలపై మంచు వెలుగుతో నిండిపోయి ఉన్నది. పశువులను తోలుకొనిపోయే మనిషి ఆ వెలుగులో నల్లని గీతవలె కనిపించినాడు. ఇన్నాళ్లు జలాశయాన్నే చూస్తూ ఏటిని మరచితిమి.

కోట నుండి చూపు

నీటిపై మంచును ఎదురువెలుగులో చూడవలెనంటే నీటికి పడమటి దిశగా పోవలెను. అట్టి స్థలం ఒకటి చరిత్ర ప్రసిద్ధమైనదే ఉన్నది. అది ఎలగందుల కోట. కరీంనగర్ నుండి సిరిసిల్ల బాటలో సుమారు పది కిలోమీటర్లు. నిజాము కాలంలో ఈ ప్రాంతమంతయు ఎలగందుల జిల్లాయే. 1905లో జిల్లా పునర్వ్యవస్థీకరింపబడి కరీంనగర్ కేంద్రమైనది. గుట్టపై గల కోటను, ఊరి చెంత 1754లో జఫరుద్దౌలా కట్టించిన జంట మీనారులను మన విద్యార్థులలో చాలామంది విహారయాత్రలో చూచియే ఉంటారు. కాని వేకువన చూచినవారు తక్కువ.

కోటగుట్ట నుండి జలాశయం దక్షిణానికి, ఆగ్నేయానికి విస్తరించి కనిపిస్తుంది. అక్టోబరులో సూర్యుడు నీటికి ఎడమగా, నేలమీదుగా వస్తాడు. డిసెంబరు నాటికి రెండున్నర పిడికిళ్లు కుడికి జరిగి నీటి మీదికి వస్తాడు. కనుక ఒకే స్థలం అక్టోబరులో సామాన్యమై డిసెంబరులో అసామాన్యమవుతుంది. మేము అక్టోబరు చివరనే అక్కడికి పోయి, పిడికిలితో కొలిచి, "డిసెంబరు రెండవ వారం తరువాత రావలెను" అని వ్రాసుకొని తిరిగివచ్చితిమి. స్థలాన్వేషణ అంటే స్థలాన్ని కనుగొనుట మాత్రమే కాదు, ఆ స్థలానికి తగిన దినాన్ని కనుగొనుట కూడా.

వృద్ధుని మాట

నవంబరు మొదటివారంలో ఒక సాయంత్రం పడమటి ఒడ్డున సైకిళ్లు ఆపి దిక్కులు కొలుచుకొంటున్నాము. మేకలు కాచే ఒక వృద్ధుడు మమ్ములను చాలాసేపు చూచి దగ్గరకు వచ్చినాడు.

"ఏం బిడ్డా, ఏం దేవులాడుతున్నరు?"

"జాగ చూస్తున్నం తాతా. మంచు పడ్డప్పుడు ఫోటో తీద్దామని."

"నీళ్ల ఫోటోనా?"

"అవును తాతా."

"గా నీళ్ల కింద ఏమున్నదో ఎరుకేనా?"

మాకు తెలియదు. ఆయన కర్రతో చూపినాడు. ఆ నీటి కింద ఆయన ఊరు ఉన్నది. ఆనకట్ట కట్టినప్పుడు ఆయనకు ఇరువది అయిదేండ్లు. ఊరి నడుమ వేపచెట్టు, దాని పక్క పీరీల కొట్టం, దిగువన చేదబావి, ఆవల వాగు. ఇంటి దూలాలు విప్పుకొని ఎడ్లబండ్లపై వేసుకొని పోయినామని చెప్పినాడు. నష్టపరిహారపు మాట ఆయన ఎత్తలేదు. వేపచెట్టును కొట్టనీయలేదని, అది నీళ్లలో నిలిచియే ఎండిపోయినదని మాత్రం రెండుసార్లు చెప్పినాడు.

తరువాత మా పని ఏమని వివరంగా అడిగి తెలుసుకొని, ఇట్లా అన్నాడు: "మంచు గీ ఒడ్డుపొంటి ముందుగాల లెవ్వది. పాత వాగున్న కాడ లేస్తది. గా తాడిచెట్టు సూటిగ చూడుండ్రి."

మేము మరుసటి వారం మూడు ఉదయాలు అదే స్థలాన కాచుకొంటిమి. వృద్ధుడు చెప్పినట్లే ఒడ్డు చెంత నీరు తేటగా ఉండగా, లోపల ఒక వంకర గీత వెంబడి మంచు లేచినది. దీనికి శాస్త్ర కారణం ఊహింపదగినదే. ఒడ్డున నీరు లోతు తక్కువ గనుక రాత్రికి త్వరగా చల్లబడుతుంది. పాత వాగు ప్రవహించిన చోట నీరు లోతు. లోతైన నీరు వెచ్చదనాన్ని ఎక్కువకాలం నిలుపుకొంటుంది. వెచ్చని నీటిపైననే మంచు లేస్తుంది. అనగా నలుబది ఏండ్లకు మించి నీట మునిగి ఉన్న వాగు మంచులో తన గీతను తానే గీసికొని చూపుచున్నది. ఏ పటమూ మాకు చూపని ఆ గీత ఒక మేకల కాపరి జ్ఞాపకంలో ఉన్నది.

ఆ దినం నుండి మా పని స్వభావం మారినది. అంతవరకు మేము అందమైన చోటు వెతికితిమి. ఆ తరువాత ప్రతి చోటును గురించి అక్కడివారిని అడుగుట అలవరచుకొంటిమి. మన ప్రాంతంలో ఇట్టి నీటి అడుగు ఊళ్లు ఇవే కావు. ఎగువన మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, వరదవెల్లి మొదలైన గ్రామాలు మా తరం కళ్లముందే ముంపునకు గురియైనవి. నీరు లేక పంట లేదు, పంట లేక మనము లేము. ఆ మాట నిజమే. అయినను నీటిని చిత్రించేవాడు నీటి కింద ఉన్నదాని పేరు తెలిసి చిత్రించుట న్యాయమని మాకు తోచినది.

చిత్రం తీయుటలో మెళకువలు

చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వెలుతురు ప్రవేశించి ఎదుటిగోడపై బయటి దృశ్యాన్ని తలక్రిందులుగా చూపుతుందనే విషయాన్ని బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసం పదకొండవ శతాబ్దంలోనే పరిశీలించినాడు. కాంతిని గూర్చి ఆయన వ్రాసిన 'కితాబుల్ మనాజిర్' తరువాత లాటిన్‌లోకి అనువదింపబడి యూరప్ పండితులకు పాఠ్యమైనది. మన హైదరాబాదు సంస్థానంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడు. బరువైన పెట్టె కెమెరాలతో, గాజు పలకలతో పనిచేసిన ఆ కాలపువారికి స్థలం ముందుగా చూచుకొనక పనిచేయుట సాధ్యమే కాదు. నేడు చేతిలోని ఫోనుతో వంద చిత్రాలు క్షణంలో తీయవచ్చు. అందుచేతనే చూచుకొనే అలవాటు తగ్గినది.

మంచులో కెమెరా మోసపోతుంది. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటిదంతా నడిమి బూడిదరంగు అని భావించి లెక్క కడుతుంది. తెల్లని మంచును కూడా బూడిదరంగుగా మార్చివేస్తుంది. కనుక మాపకం చెప్పినదాని కంటె ఒక మెట్టు, అనగా రెట్టింపు, వెలుతురు ఎక్కువ ఇవ్వవలెను. ఫోనులో అయితే తెరపై వేలితో తాకి, వెలుగు గుర్తును కొద్దిగా పైకి జరపవలెను.

రెండవది, చిత్రంలో ఒక నల్లని వస్తువు ఉండవలెను. ఒంటి తాడిచెట్టు, తెప్ప, వలకట్టె, సైకిలు ఏదైనా సరే. మంచు దానంతట అది కంటికి నిలువదు. దగ్గరిది నల్లగా, నడిమిది బూడిదగా, దూరపుది దాదాపు తెల్లగా ఉంటే దూరమనేది చిత్రంలోకి వస్తుంది. మంచుబిందువులు కాంతి తరంగాల కంటె ఎన్నో రెట్లు పెద్దవి. అందుచేత అన్ని రంగులను సమంగా చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి. దూరపు గుట్టలు నీలంగా కనిపించుటకు గాలిలోని అతిసూక్ష్మ అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టుట కారణం. ఈ భేదం తెలిసినవాడు మంచులో రంగులు వెతకడు, వెలుగునీడలనే వెతుకుతాడు.

మూడవది, కెమెరా కదలరాదు. ముక్కాలిపీట లేనివారు సైకిలు స్టాండు వేసి సీటుపై ఇసుక నింపిన చిన్న సంచి ఉంచి దానిపై కెమెరా ఆనించవచ్చు. మేము చేసినది ఇదే. నాలుగవది, కటకంపై తడి. చలిలో తిరిగి చల్లబడిన కెమెరాను ఇంటి వెచ్చదనంలోకి తేగానే దానిపై ఆవిరి కమ్ముతుంది. అరగంట సంచిలోనే ఉంచి తరువాత బయటికి తీయవలెను. కటకాన్ని ఊదరాదు, మన ఊపిరియే మంచు.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

ఇది చిన్న అక్షరాలలో చెప్పదగిన విషయం కాదు. నవంబరులో ఒక వేకువన మేము రాజీవ్ రహదారి అంచున వరుసగా పోతున్నాము. మంచు దట్టమైనది. మా ముందు సైకిలు వెనుకచక్రమే మాకు కనబడనంత దట్టం. వెనుక నుండి ఒక లారీ వచ్చి చివరనున్న విద్యార్థి మోచేతిని రాసుకొంటూ పోయినది. చొక్కా చిరిగినది, ఎముక నిలిచినది. లారీ నడిపినవాని తప్పు లేదు, అతనికి మేము కనబడలేదు. ఆ ఉదయం మంచు ఆ ఏటికంతటికి శ్రేష్ఠమైనది. అయినను మేము సైకిళ్లను బాట దింపి, మంచు కరిగేవరకు ఒక తోటగోడ చెంత కూర్చుండి, చిత్రం తీయకుండనే తిరిగివచ్చితిమి. ఆ నిర్ణయానికి మేము ఎన్నడును విచారించలేదు.

కావున మిత్రులారా, చిత్రానికి మేలైన మంచు సైకిలుకు చేటైన మంచు. పెద్ద బాటపై వేకువ ప్రయాణం చేయరాదు. ముందురాత్రియే ఒడ్డు చెంతకు చేరి ఉండుట, లేదా ఊరిబాటలనే ఎంచుకొనుట మేలు. వెనుక ఎర్రదీపం, ఒంటిపై తెల్లని వస్త్రం తప్పనిసరి. కట్టకు నీటివైపు పరచిన రాళ్లు మంచుతడికి పాచిపట్టి జారుతాయి, వాటిపైకి దిగరాదు. కట్టపై కాపలావారి అనుమతి లేక తిరుగరాదు. చేపలవారి వలలను, తెప్పలను తాకరాదు. వారి చిత్రం తీయదలచితే అడిగి తీయవలెను. ఒంటరిగా పోరాదు. ఎటు పోవుచున్నామో ఇంట చెప్పి పోవలెను.

కడెం వైపు

జలాశయాలలో మంచుకు ఇంకను అనువైనది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కడెం. 2016 నాటి జిల్లాల విభజన తరువాత అది నిర్మల్ జిల్లాలో చేరినది. కుంతాల జలపాతమై దుమికే కడెం వాగే దిగువకు వచ్చి ఇక్కడ కట్టబడినది. చుట్టును గుట్టలు, అడవి. రాత్రి గుట్టలపై చల్లబడిన గాలి కొండవాలుల వెంబడి జారి జలాశయపు గిన్నెలో నిండుతుంది. అందుచేత మానేటిపై కరిగిపోయిన మంచు కడెంపై ఇంకను నిలిచి ఉండుట సాధారణం. మేము ఒకసారి బస్సులో పోయి, పరిచయస్థుల సైకిళ్లు అడిగి తీసుకొని రెండు దినాలు తిరిగితిమి.

అంత ప్రశాంతంగా కనిపించే ఆ నీటికి ఉగ్రరూపం కూడ ఉన్నది. నిర్మాణకాలంలోనే 1958లో వరద కట్టను తెంచివేసినది. 2022 జూలైలో తూములు విడువగల దానికంటె మించిన వరద వచ్చి, దిగువ గ్రామాలవారు రాత్రికి రాత్రి ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. అదృష్టవశాన కట్ట నిలిచినది. మరుసటి ఏట కూడ జూలైలో నీరు తూముల తలుపులపై నుండి పొర్లినది. శరత్తున ఆ కట్ట చెంత నిలబడి మంచును చూచేవారికి ఈ సంగతి తెలిసి ఉండవలెను. ఇంకొక మాట. కడెం చుట్టునున్న అడవి 2012లో పులుల రక్షితప్రాంతంగా ప్రకటింపబడిన కవ్వాల్‌కు చేరినది. అటవీశాఖవారి అనుమతి లేనిదే బాట విడిచి లోనికి పోరాదు. వేకువ సంధ్యలో అడవిలో మనము అతిథులము మాత్రమే.

ముగింపు

డిసెంబరు మూడవ వారంలో మేము తిరిగి పడమటి ఒడ్డుకు పోయితిమి. రెండు దినాలు మబ్బు. మూడవనాడు ఆకాశం తేటపడినది, గాలి నిలిచినది. తాడిచెట్టు సూటిగా పాత వాగు గీత వెంబడి మంచు లేచినది. సూర్యుడు దానివెనుక నుండి వచ్చినాడు. ఒక తెప్ప ఆ గీతను దాటిపోయినది. మాకు కావలసిన చిత్రం లభించినది.

ఆ చిత్రాన్ని అచ్చువేయించి తీసుకొనిపోయి వృద్ధునికి ఇచ్చితిమి. ఆయన దానిని వెలుతురుకు పట్టి చాలాసేపు చూచినాడు. "ఊరు అగుపడ్తలేదు బిడ్డా," అన్నాడు. పిదప వ్రేలితో ఒక చోట తాకి, "గిక్కడ వేపచెట్టు," అని, చిత్రాన్ని తన తువ్వాలులో చుట్టుకొన్నాడు.

ఈ మూడు నెలలలో మేము వ్రాసుకొన్న పుస్తకంలో పదునాలుగు స్థలాలు, వాటి దూరాలు, దిక్కులు, తగిన మాసాలు, అక్కడివారు చెప్పిన పేర్లు ఉన్నవి. దానిని మా కళాశాల గ్రంథాలయంలో ఉంచినాము. అందులో సగం పుటలు ఖాళీగా విడిచితిమి. జలాశయపు చుట్టు అంతయు మేము తిరుగలేదు. దక్షిణపు ఒడ్డు దాదాపు చూడనే లేదు. వచ్చే శరత్తున ఏ విద్యార్థి మిత్రులైనను ఒక సైకిలు, ఒక పెన్సిలు తీసుకొని మిగిలిన పుటలను నింపుదురుగాక. చిత్రం లభించకపోయినను వారికి తమ ఊరి సూర్యోదయం ఏ దిక్కున జరుగుతుందో, తాము త్రాగే నీరు ఎవరి ఊరిపై నిలిచి ఉన్నదో తెలియగలదు. అది చిన్న లాభం కాదని మా నమ్మకం.